ముసలి పుంజుకు ఏమైంది?

పెరటి పుంజు కూత తగ్గినా, కాలు ఈడ్చినా, చల్లిన నూకలు సగం వదిలేసినా మన ఇళ్లలో వినిపించే మాట ఒకటే: "దానికి వయసైపోయింది." ఈ అధ్యాయమంతా ఆ మాటతో నాకున్న పేచీ. వయసు మీదపడితే కీళ్లు అరుగుతాయి, గుండె బలహీనపడుతుంది, కణుతులు పుట్టే అవకాశం పెరుగుతుంది. ఇవన్నీ నిజాలే. అయినా కుంటే పుంజు ఎక్కడో నొప్పి ఉండబట్టో, ఏదో నరం పట్టు తప్పబట్టో కుంటుతుంది. ఆ చోటేదో వెతికితే చాలాసార్లు దొరుకుతుంది. దొరికినవాటిలో కొన్నిటికి వైద్యం చాలా తేలిక కూడా. వయసైపోయిందని తేల్చేస్తే ఆ వెతుకులాట మొదలే కాదు.

ముసలి పుంజుల జబ్బుల మీద లోకానికి శ్రద్ధ తక్కువ. కోళ్ల వైద్యం ఎదిగిందంతా ఫారాల చుట్టూ. బ్రాయిలర్ కోడి సుమారు ఆరు వారాలకే కోతకు పోతుంది. గుడ్ల కోడిని ఏడాదిన్నర, మహా అయితే రెండేళ్లు ఉంచుతారు. అందుకే కోళ్ల జబ్బులంటే మందలో పిల్లల జబ్బులు, పడుచు కోళ్ల జబ్బులు అన్నట్టే పుస్తకాలు నిండాయి. పెరటి పుంజు కుక్కల్నీ, ముంగిసల్నీ, సంక్రాంతి బరుల్నీ, ఇంటికొచ్చే చుట్టాల్నీ తప్పించుకుంటే ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది. పదేళ్లు చూసినవీ ఉన్నాయి. అన్నేళ్లు ఒకే పెరట్లో తిరిగిన పుంజు గురించి ఇంటివాళ్లకు తెలిసినంత ఏ డాక్టరుకూ తెలియదు. ఎప్పుడు కూస్తుందో, ఏ కొమ్మ మీద పడుకుంటుందో, ఎవరిని చూస్తే తరుముతుందో వాళ్లకే తెలుసు. రోగ నిర్ధారణకు అసలు పెట్టుబడి ఆ ఎరుకే.

మన ముందు ఆరేళ్ల కాకిడేగ పుంజు ఉందనుకుందాం. వారం నుంచి ఉషారు లేదు. ఒక కాలు మీద భారం వేయడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

దాన్ని పట్టుకోవడంతో మాత్రం మొదలుపెట్టకూడదు. కోడి వేటకు గురయ్యే జాతి. అడవిలో నీరసం కనబరిచిన పక్షినే గద్ద ముందు ఎంచుకుంటుంది, తోటి కోళ్లు కూడా దాన్నే పొడుస్తాయి. అందుకని జబ్బు ముదిరేదాకా కోడి దాన్ని దాచిపెడుతుంది. మనిషి దగ్గరికి రాగానే మెడ నిటారుగా ఎత్తి, కళ్లు పెద్దవి చేసి, ఏమీ లేనట్టే నిలబడుతుంది. కాబట్టి తెల్లవారి గూడు తలుపు తీశాక కాస్త దూరంగా కూర్చుని, కదలకుండా చూడాలి. మొదట దిగేది అదేనా, లేక అందరూ దిగాక దిగుతోందా? ఈకలు ఉబ్బించుకుని, తోక వాల్చి, ఓ మూల కునుకుతోందా? మేత కనబడితే గొంతులో చిన్నగా శబ్దం చేస్తూ గింజను ముక్కుతో ఎత్తి పడేస్తూ పెట్టల్ని పిలవడం పుంజుల అలవాటు. ఆ పిలుపు ఆగిపోతే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. గింజ వైపు ముక్కు ఎత్తి పక్కన నేలను పొడుస్తుంటే కంటి చూపు అనుమానించాలి, ముసలి పుంజులకు శుక్లాలు వస్తాయి. అనుమానం తీరాలంటే చిన్న దూది ఉండను చప్పుడు కాకుండా ఒక్కో కంటి ముందు జారవిడవాలి. చూపున్న కన్ను దాని వెంట కదులుతుంది.

ఊపిరినీ ఈ దూరం నుంచే చూడాలి. నిమ్మళంగా ఉన్న కోడి నిమిషానికి సుమారు 15 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుంది, నోరు మూసుకునే. ఎండ లేని వేళ నోరు తెరిచి, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతుంటే అది కష్టపడుతున్నట్టు. మే నెల మధ్యాహ్నం నోరు తెరిచి వగర్చడం వేరు సంగతి. కోడికి చెమట గ్రంథులు లేవు, ఒంట్లో వేడి 41–42 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, వగర్చే అది చల్లబడాలి. అయినా అదే ఎండలో పడుచు పుంజులు నీడలో స్థిమితంగా ఉండి ముసలిదొక్కటే ఆయాసపడుతుంటే దాని గుండెనూ, ఊపిరితిత్తుల్నీ పట్టించుకోవాల్సిందే.

ఇక కూత. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో షిమ్మురా, యోషిమురా అనే శాస్త్రవేత్తలు 2013లో ఒక చక్కని సంగతి తేల్చారు. ఎప్పుడూ ఒకే మసక వెలుతురులో ఉంచినా పుంజులు దాదాపు రోజుకోసారి, తెల్లవారు వేళ అనుకున్నప్పుడే కూశాయి. సూర్యుణ్ని చూసి కూయడం లేదు, ఒంట్లో గడియారం కూయిస్తోంది. రెండేళ్ల తర్వాత వాళ్లే ఇంకొకటి చూపించారు. మందలో పెద్దరికం ఉన్న పుంజు మొదట కూస్తుంది, మిగతావి వరస ప్రకారం ఆగి ఆగి అందుకుంటాయి. పెద్దదాన్ని తీసేస్తే రెండోది మొదలెడుతుంది. ఇంట్లో రెండు మూడు పుంజులున్నవాళ్లు ఈ వరసను గమనిస్తే చాలా తెలుస్తుంది. ఎప్పుడూ ముందు కూసేది ఒక వేకువన రెండోదిగా కూసిందంటే దాని పెద్దరికం పోయింది. పెద్దరికం ఊరికే పోదు. పడుచు పుంజు కొట్టి లాక్కుని ఉండవచ్చు, లేదా ఇది పోట్లాడే స్థితిలో లేక వదులుకుని ఉండవచ్చు. కూత వేళ మారకుండా గొంతు మాత్రం బొంగురుపోతే చూపు శ్వాసనాళం మీదికి మళ్లాలి. జలుబు జబ్బులు, నాళంలో చేరే ఎర్ర పురుగులు, లోపల పెరిగే కోడి మశూచి పొక్కులు ఇవన్నీ కూతను పాడు చేస్తాయి.

దూరం నుంచి తెలిసే ఆఖరి సాక్షి తల మీది జుట్టు. ఇక్కడ 1849 నాటి ఒక ప్రయోగం చెప్పక తప్పదు. జర్మనీలో గొటింగెన్ ఊళ్లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ అనే ఆయన ఆరు పడుచు పుంజుల వృషణాలు తీసేశాడు. రెండింటిని అలాగే వదిలేస్తే వాటి జుట్టు ముడుచుకుపోయింది, కూత పోయింది, పోట్లాట మానేశాయి. మిగిలిన నాలుగింటికి పొట్టలో ఒక్కో వృషణం తిరిగి పెట్టాడు. రెండింటికి వాటిదే, రెండింటికి ఒకదానిది మరొకదానికి. ఆ నాలుగూ మామూలు పుంజుల్లాగే ఎర్ర జుట్టుతో పెరిగి కూశాయి. కోసి చూస్తే ఆ వృషణాలకు కొత్త రక్తనాళాలు అల్లుకున్నాయి, పాత నరాలేవీ అంటుకోలేదు. అంటే రక్తంలో ఏదో పదార్థం కలిసి తల దాకా పోతోందన్నమాట. హార్మోన్ల శాస్త్రానికి ఇదే తొలి ప్రయోగమంటారు. ఆ పదార్థాన్నే ఇప్పుడు టెస్టోస్టిరాన్ అంటున్నాం. పుంజు జుట్టు ఆ హార్మోను మట్టాన్ని బయటికి చూపిస్తుంది. ఏ జబ్బు వల్లనైనా ఒళ్లు కుదేలైతే ముందు ఆ హార్మోను ఖర్చు తగ్గించుకుంటుంది, జుట్టు చిన్నబోతుంది.

రంగు చెప్పే కబురు వేరు. పాలిపోతే రక్తం తగ్గినట్టు. పేలు, గోమార్లు, పేగుల్లో పురుగులు, లోపలి రక్తస్రావం వీటిలో ఏదైనా కారణం కావచ్చు. కొసల దగ్గర ఊదా రంగు తిరిగితే రక్తం సరిగా అందడం లేదు, ముసలి పుంజులో అది చాలాసార్లు గుండె మాట. మీద నల్లటి ఎండు పొక్కులుంటే దోమలు మోసుకొచ్చే కోడి మశూచి. తమ్మె ఒక్కటే వాచి వేడిగా ఉంటే ముదిరిన కలరా కావచ్చు, ఎదిగిన పుంజుల్లో ఆ జబ్బు అలా ఒకచోట గడ్డ కట్టి కూర్చుంటుంది. పాశ్చర్ 1880 ప్రాంతంలో సూక్ష్మజీవిని నీరసపరిచి టీకా చేయవచ్చని కనిపెట్టింది ఈ కోళ్ల కలరా మీదే. కడక్‌నాథ్ పుంజుల దగ్గర మాత్రం ఈ రంగుల లెక్క పనికిరాదు. వాటి జుట్టు, నోరు, చర్మం అన్నీ నల్లనే. వాటికి బరువు, రెట్ట, నడక చూసుకోవాలి.

పాలిపోయిన చిన్న జుట్టు, ఆగిన కూత, చింపిరి ఈకలు మూడూ ఒక్కసారి కనబడితే కంగారు పడేముందు కాలం చూడండి. పగళ్లు తగ్గే రోజుల్లో కోళ్లు పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కుంటాయి. అప్పుడు పుంజు హార్మోన్లు తగ్గుతాయి, అది మూగబోతుంది, ముట్టుకుంటే మండిపడుతుంది. మెడ మీద చిన్న ముళ్లలా కొత్త ఈకల మొనలు కనిపిస్తే అది జబ్బు కాదు. ఆ నెలల్లో మేతలో మాంసకృత్తులు పెంచితే సరిపోతుంది. అయితే ఈకలు మార్చే పుంజు బాగా తింటుంది. తినకపోతే ఆ లెక్కలో కొట్టేయకూడదు.

ఇప్పుడు పట్టుకోవచ్చు. పగలు తరిమితే గుండె బలం లేని పక్షి చేతుల్లోనే పోవచ్చు. పొద్దుగూకాక దండెం మీదున్నప్పుడు రెక్కలు రెండూ కలిపి మెల్లగా ఎత్తుకోవాలి. రొమ్మును మాత్రం బిగించి పట్టకూడదు. కోడికి మనలా ఉదరవితానం లేదు, రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే గాలి సంచుల్లోకి గాలి పోతుంది. రొమ్ము నొక్కిపెడితే ఊపిరాడదు. పిల్లలకు ఇది తప్పకుండా నేర్పాలి.

చేయి మొదట రొమ్ము ఎముక మీదికి పోవాలి. దానికి రెండు పక్కలా కండ గుండ్రంగా ఉంటే తిండి అబ్బుతోంది. ఎముక కత్తి అంచులా తగిలి, పక్కలు లోపలికి పోయి ఉంటే వారాలుగా చిక్కిపోతోంది. ఈకలు ఆ బక్కతనాన్ని కప్పేస్తాయి గనక కంటికి తెలియదు, చేతికే తెలుస్తుంది. సంచిలో కూర్చోబెట్టి స్ప్రింగ్ త్రాసుకు తగిలించి వారానికోసారి బరువు రాసుకుంటే ఇంకా మంచిది. పదోవంతు తగ్గితే ఏదో ఉందన్నట్టే. మరోపక్క మరీ కొవ్వెక్కిన పుంజులూ ఉంటాయి. వనరాజా లాంటి బరువు రకాలు ఏళ్లపాటు పెరట్లో బాగా మేస్తే వాటి కాళ్లకు ఆ భారమే శత్రువు.

మెడ కింద కుడి పక్కకు మేతసంచి ఉంటుంది. దాన్ని రాత్రి ఒకసారి, తెల్లవారి మేత వేయకముందు ఒకసారి తడమాలి. రాత్రి నిండుగా ఉండి పొద్దుటికి ఖాళీ కావాలి. పొద్దున కూడా గట్టిగా ఉండలా తగిలితే పీచో, దారమో, పొడుగాటి గడ్డో అడ్డుపడింది. నీళ్లసంచిలా జారుతూ నోటి నుంచి పులిసిన వాసన వస్తే బూజు జాతి క్రిమి పెరిగింది. తలకిందులుగా వేలాడదీసి ఆ నీళ్లు కక్కించడం చాలామంది చేస్తారు. ఆ నీళ్లు శ్వాసనాళంలోకి పోయి పుంజు అక్కడికక్కడే చచ్చిపోవచ్చు. దయచేసి ఆ పని చేయకండి.

తర్వాత పొట్ట. కాళ్ల మధ్య పొట్ట మెత్తగా, కాస్త లోపలికే ఉండాలి. నీళ్లు నింపిన బెలూనులా ఊగుతుంటే లోపల నీరు చేరింది. దాని వెనక గుండె గాని, కార్జం గాని ఉంటుంది. జుట్టు కొసలు ఊదా రంగు, పొట్టలో నీరు, నాలుగడుగులు వేస్తే ఆయాసం ఈ మూడూ కలిస్తే గుండె ఓడిపోతోందని నమ్మకంగా చెప్పవచ్చు. చేతిలో ఉండగానే టార్చి లైటు వేసి రెట్ట వేసే ద్వారం చుట్టూ ఈకలు విడదీసి చూడాలి. ఈకల మొదట్లో తెల్లటి గుడ్ల గుత్తులుంటే పేలు. చర్మం మీద గబగబా పరిగెత్తే ఎర్రటి, నల్లటి చుక్కలుంటే పురుగులు. గోమార్లు మాత్రం పగలు కోడి ఒంటి మీద ఉండవు. గోడ బీటల్లో, దండెం పగుళ్లలో దాక్కుని రాత్రి వచ్చి రక్తం తాగి పోతాయి. పగలంతా వెతికి ఏమీ లేవనుకునే ఇళ్లలో ముసలి పుంజు రక్తహీనతతో తెల్లబడిపోతుంటుంది. అర్ధరాత్రి లేచి గూటి పగుళ్లలో లైటు వేస్తే సంగతి బయటపడుతుంది.

రెట్టను చూడటానికి చాలామందికి మనసొప్పదు. రాత్రి పుంజు కింద ఒక పాత కాగితం పరిస్తే అది రాసే నివేదిక మరే పరీక్షా ఇవ్వలేదు. మంచి రెట్ట గోధుమ రంగులో గట్టిగా ఉండి మీద తెల్లటి టోపీ ఉంటుంది. ఎనిమిది పదింటిలో ఒకటి జిగురుగా, గోధుమ రంగు ముద్దలా, ఘాటు వాసనతో వస్తుంది. అది పేగు కొసన ఉండే సంచుల నుంచి వచ్చేది, విరేచనాలు కావు. ముదురు పచ్చగా పలచగా ఉంటే చాలావరకు ఒకటే అర్థం: పక్షి తినడం లేదు. కోడి పిత్తరసం పసుపు కాదు, ఆకుపచ్చ. మనం ఆ పచ్చ రంగును పసుపుగా మార్చుకుంటాం, దానికి కావలసిన ఎంజైము కోడికి లేదు. కడుపులో తిండి లేనప్పుడు పిత్తరసం రంగే బయటికి వస్తుంది. అందుకని పచ్చ రెట్ట ఫలానా జబ్బుకు గుర్తని ఎవరైనా ఢంకా బజాయిస్తే నమ్మకండి. కొక్కెర తెగులులోనూ అదే, సీసం ముక్క మింగినా అదే, నోట్లో పుండుండి తినలేకపోయినా అదే.

ఆ తెల్లటి టోపీ దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడాలి. అది మూత్రమే. పక్షి నత్రజని వ్యర్థాన్ని యూరిక్ ఆమ్లంగా మార్చి, నీటిని పొదుపు చేసుకుని, ముద్దలా బయటికి పంపుతుంది. మూత్రపిండాలు దెబ్బతింటే ఆ తెలుపు బయటికి పోక ఒంట్లోనే సుద్దలా పేరుకుంటుంది. కాలివేళ్ల కీళ్లలో చేరితే అవి వాచి, చర్మం కింద తెల్లగా కనబడతాయి. గుండె చుట్టూ, కార్జం మీద చేరితే బయటికి ఏమీ తెలియకుండానే ప్రాణం తీస్తుంది. ముసలి పుంజుల్లో దీనికి ఒక మామూలు కారణం మనమే. పెట్టలకు వేసే లేయర్ దాణాలో గుడ్డు పెంకు కోసం కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. గుడ్డు పెట్టని పుంజుకు ఒక్క శాతం కూడా అక్కర్లేదు. ఏళ్ల తరబడి అదే దాణా తింటే మిగిలిన కాల్షియాన్నంతా మూత్రపిండాలు మోయాలి. అందరికీ తక్కువ కాల్షియం మేత వేసి, గుల్ల పొడిని పెట్టలు తినేలా విడిగా ఒక మూకుడులో పెడితే ఈ బాధ తప్పుతుంది.

ఇదే మూత్రపిండాల సంగతి మరో హెచ్చరిక చేస్తుంది. కుంటే పుంజుకు ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర ముక్క చేసి వేసే అలవాటు మనకుంది. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు మూత్రపిండాలు చెడి, ఒంటి నిండా ఆ తెల్లటి సుద్దతోనే చచ్చిపోయాయని 2004లో తేలింది. తెల్ల నడుము రాబందులు మన దేశంలో 99 శాతానికి పైగా పోయాక, 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్‌లనూ ఆపారు. కోడి రాబందంత సున్నితమైంది కాకపోయినా దాని మూత్రపిండాలదీ అదే పని, అదే బలహీనత. నొప్పికి పక్షులకు వాడదగ్గ మెలోక్సికామ్ లాంటి మందు ఉంది. మోతాదు పశువైద్యుడు చెప్పాలి.

మన కాకిడేగ కాలి దగ్గరికి వద్దాం. కాలును కింద నుంచి పైకి చూసుకుంటూ పోవడమే పద్ధతి, ఎందుకంటే తేలికగా నయమయ్యేవన్నీ కిందే ఉంటాయి. అరికాలు తిప్పి, గోరువెచ్చని నీళ్లతో మట్టి కడిగి చూడండి. నడిమి మెత్త మీద శనగగింజంత నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి వాపు, తాకితే వేడి. ఇది కనబడిందంటే కుంటుకు కారణం దొరికింది. సిమెంటు నేల మీదికి ఎత్తు నుంచి దూకే బరువైన పుంజులకు అరికాలు చిట్లి, స్టాఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి లోపలికి చేరి, చీము గట్టి ముద్దలా కూర్చుంటుంది. కోడి చీము మనలా కారదు, జున్నులా గడ్డకడుతుంది. అందుకే పిండితే రాదు, కోసి తీయాల్సి రావచ్చు, అది డాక్టరు పని. మొదటి దశలో ఉప్పునీళ్లలో నానబెట్టి, కట్టుకట్టి, గడ్డి పరిచిన చోట ఉంచి, దండెం ఎత్తు తగ్గిస్తే మానుతుంది. వదిలేస్తే ఎముకకు పాకుతుంది.

కాస్త పైకి వస్తే కాలి పొలుసులు. అవి నున్నగా అంటుకుని ఉండాలి. లేచి, గరుకుగా, సున్నం పూసినట్టుంటే కంటికి కనబడని పురుగులు పొలుసుల కింద సొరంగాలు తవ్వుతున్నాయి. ముసలి కోళ్లలో ఇది ఎంత మామూలంటే, కాళ్లు అలా ఉండటమే ముసలితనమని జనం అనుకుంటారు. కొబ్బరినూనెలో ముంచి పురుగుకు ఊపిరాడకుండా చేయవచ్చు, ముదిరితే ఐవర్‌మెక్టిన్ కావాలి. కాలిముల్లు జీవితాంతం పెరుగుతుంది. వంకర తిరిగి రెండో కాలికి గుచ్చుకుంటూ నడక చెడగొట్టవచ్చు. కొస మాత్రమే అరగదీయాలి, మొదట్లో ఎముకా రక్తమూ ఉంటాయి.

అరికాలు, పొలుసులు, ముల్లు, మోకాలి కీలు అన్నీ బాగుండి కూడా కాలు ఈడుస్తుంటే కథ లోపలికి పోతుంది. పక్షి శరీరంలో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే ఏర్పాటు ఒకటుంది. కాలికి వెళ్లే పెద్ద నరాల అల్లిక వీపు ఎముకకు ఆనుకున్న మూత్రపిండం గుండా దూసుకుపోతుంది. మూత్రపిండంలో కణితి పెరిగినా, పక్కనే ఉన్న వృషణంలో పెరిగినా ఆ నరం నలిగి ఒక కాలు చచ్చుబడుతుంది. నెలల తరబడి కాలికి నూనె రాసినా లాభం ఉండదు. ఒక కాలు క్రమంగా పట్టు తప్పడం, గోళ్లు బిగుసుకోకపోవడం, రొమ్ము కండ కరగడం ఈ మూడూ కలిసిన ముసలి పుంజుకు ఎక్స్‌రేనో, స్కానింగో తీస్తేనే తేలుతుంది. అదే ఎక్స్‌రేలో కందనకాయలో చిక్కుకున్న సీసం ముక్కో, ఇనుప మేకో బయటపడటమూ ఉంటుంది.

నరమే జబ్బుపడేదీ ఉంది. బుడాపెస్టులో యోజెఫ్ మారెక్ అనే పశువైద్యుడు 1907లో కాళ్లూ రెక్కలూ పడిపోయిన నాలుగు పుంజుల గురించి రాశాడు. కోసి చూస్తే నరాలు ఉబ్బి ఉన్నాయి. ఆయన పేరుతోనే పిలుస్తున్న ఆ జబ్బుకు కారణం హెర్పిస్ జాతి వైరస్. ఎక్కువగా పడుచు కోళ్లకు వస్తుంది గాని ముసలివాటిని పూర్తిగా వదలదు. ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ చాచి పడుకోవడం, కంటి రంగు బూడిదగా మారి పాప అంచు చెదరడం దాని గుర్తులు. దీనికి మందు లేదు.

మందు చాలా చవకగా ఉన్న కాళ్ల జబ్బు మరొకటి. డచ్చి డాక్టరు క్రిస్టియాన్ ఐక్మన్ 1890 ప్రాంతంలో బటేవియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, బెరిబెరి జబ్బుకు సూక్ష్మజీవి కోసం వెతుకుతున్నాడు. ప్రయోగశాల కోళ్లకు ఉన్నట్టుండి కాళ్లు పడిపోయాయి, కొన్నాళ్లకు వాటంతట అవే లేచి తిరిగాయి. ఆరా తీస్తే, ఆ మధ్య వాటికి సైనిక ఆస్పత్రి వంటశాల నుంచి పాలిషు బియ్యపు అన్నం పెట్టారని తెలిసింది. కొత్త వంటవాడు సైనికుల అన్నం కోళ్లకు ఇవ్వనన్నాక మళ్లీ ముడిబియ్యం వేశారు, కోళ్లు కోలుకున్నాయి. తవుడులో ఉన్నదేదో మిల్లులో పోయినందుకే కాళ్లు పడిపోయాయని క్రమంగా అర్థమైంది. అదే బి1 విటమిన్. ఐక్మన్‌కు 1929లో నోబెల్ వచ్చింది. మన పెరళ్లలో ముసలి పుంజును జాలిపడి ఒక మూల కట్టేసి, మెత్తగా ఉంటుందని తెల్లన్నం, తెల్ల నూకలే పెడుతుంటారు. బయట తిరిగి పురుగూ ఆకూ ఏరుకునే పుంజుకు లేని లోటు కట్టేసిన పుంజుకు అలా వస్తుంది. కాళ్లు బలహీనపడి, తల వెనక్కి వాలి ఆకాశం చూస్తున్నట్టు కూర్చుంటే బి1 ఇచ్చి చూడాలి. లోటు అదే అయితే గంటల్లోనే, లేదా ఒకటి రెండు రోజుల్లో తేడా తెలుస్తుంది. మేతలో తవుడు, సోళ్లు, జొన్నలు కలిపితే ముందే రాకుండా చూసుకోవచ్చు. మెడ వెనక్కి కాకుండా ముందుకు వాలి నేలకు ఆనిపోతే అది వేరు. పురుగులు పట్టిన కళేబరం తిన్న కోళ్లకు అందులోని విషం అలా చేస్తుంది.

ఇంతవరకూ చెప్పింది ఒక్క పుంజుకు ఏదో అయినప్పుడు. పక్క కోళ్లు కూడా తూగుతున్నా, ఒకటి రెండు రోజుల్లో కొన్ని చచ్చిపోయినా ఈ తడమడాలన్నీ ఆపాలి. ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్‌లో 1927లో గుర్తించిన కొక్కెర తెగులు చిన్నప్పుడెప్పుడో టీకా వేసిన పుంజునూ పట్టగలదు, టీకా బలం ఏళ్లు నిలవదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది మనకు గుర్తే. చచ్చిన కోళ్లను ఒట్టి చేతులతో ముట్టుకోకూడదు, పంచకూడదు, కాలవలో పారేయకూడదు. దగ్గరి పశువైద్యశాలకు గాని 1962 నంబరుకు గాని కబురు పెట్టాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పుంజుతో పాటు ఆనాటి రెట్ట ఒక చిన్న డబ్బాలో, వారాల బరువు చీటీ, వేస్తున్న మేత గుప్పెడు పట్టుకెళ్లండి. వీలైతే అది నడిచే తీరును ఫోన్లో వీడియో తీయండి, ఎందుకంటే ఆస్పత్రి బల్ల మీద అది మళ్లీ నటిస్తుంది. కోడికి వైద్యమేమిటని ఎవరైనా నవ్వితే పట్టించుకోకండి. ఆరేళ్లు మీ పెట్టల్ని గద్దల నుంచి కాచిన జీవి అది. మందులు వాడిన పుంజును కోసి తినే ఆలోచన మాత్రం వద్దు, మందు మాంసంలో మిగులుతుంది. నీళ్ల దాకా నడవలేక, నోరు తెరిచే ఊపిరి తీస్తూ, మందుకూ నొప్పి తగ్గని దశకు వస్తే, బాధ లేకుండా ప్రాణం పోగొట్టమని డాక్టరును అడగడం తప్పేమీ కాదు.

అది పోయాక కూడా ప్రశ్నకు జవాబు దొరకవచ్చు. పశువైద్య కళాశాలల్లోనూ, జిల్లా రోగ నిర్ధారణ ప్రయోగశాలల్లోనూ శవపరీక్ష చేస్తారు. శవాన్ని రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, ఐసు ముక్కల మధ్య పెట్టి, వీలైతే ఆ రోజే చేర్చాలి. ఫ్రీజరులో పెట్టకూడదు, గడ్డకట్టి కరిగిన కణజాలం సూక్ష్మదర్శిని కింద చదవడానికి పనికిరాదు. కార్జం మీద తెల్ల సుద్ద కనబడితే ఆ సాయంత్రమే మిగిలిన పుంజుల దాణా మార్చాలి. పేగుల్లో పురుగులుంటే పెట్టలన్నిటికీ మందు తాగించాలి. నరాలు ఉబ్బి మారెక్ అని తేలితే ఆ పెరట్లోకి ఇకపై తెచ్చే పిల్లలకు హేచరీలో మొదటి రోజే టీకా వేయించి తేవాలి. ఆ వైరస్ రాలిన ఈకల ధూళిలో నెలల తరబడి బతికే ఉంటుంది గనక గూటి మట్టి ఎత్తి, గోడలకు సున్నం కొట్టి, కొన్నాళ్లు ఖాళీగా ఉంచాకే కొత్త కోళ్లను దించాలి.